వంతు మారిన ఇల్లు

నేత్రదానానికి సంతకాలు పెట్టినవాళ్ళ ఇళ్ళన్నీ ఒక పటంలో గుర్తించి పెట్టాలన్న ఆలోచన నాదే. మా హేతువాద మిత్రుల్లో ఎవరూ అడగలేదు. రెండువేల ఎనిమిది ప్రాంతం అది. బందరు, గుడివాడ, దివిసీమ కలిపి మా దగ్గర ఒక ట్రంకుపెట్టె అడుగు నిండేటన్ని కార్డులు పోగయ్యాయి. మనిషి పోయాక ఆరు గంటల్లోపు కళ్ళు తీసుకోవాలి. కబురందితే విజయవాడ నుంచి నేత్రనిధి, అంటే ఐ బ్యాంకు, వాళ్ళ జీపు బయల్దేరేది. దారి చెప్పేది ఎవరు? అప్పుడే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాడు. ఫోనులో ఏడుస్తూ, "లాకుల దగ్గర ఎడమకి తిరగండి, అక్కడ ఎవర్నడిగినా చెప్తారు" అనేవాడు. దివిసీమలో కాలవకొక లాకు ఉంటుంది. ఎవర్నడిగినా చెప్పే ఆ మనిషి తెల్లవారుజామున రోడ్డు మీద ఉండడు. ఇలా రెండుసార్లు జీపు ఆలస్యంగా చేరి, ఊరికే తిరిగొచ్చింది.

ఇది తర్కంతో తీరే సమస్య అనిపించింది నాకు. కోనేరు సెంటరుకి దగ్గర్లో ఒక ఇంటర్నెట్ సెంటరు ఉండేది. అందులో ఉచితంగా దొరికే పటాన్ని తెరిస్తే జిల్లా అంతా పైనుంచి కనిపించేది. ఆ ఫొటో ఏ నెలలో తీశారో గానీ చేలన్నీ కోసేసి ఉన్నాయి. రొయ్యల చెరువులు పలకలు పరిచినట్టు ఉన్నాయి. నాగాయలంక దాటాక నేల పలచబడి, పాలకాయతిప్ప దగ్గర ఇసుక రంగులో ఆగిపోతుంది. కావలసిన చోట నొక్కితే అక్కడ ఒక నీలం గుర్తు పడుతుంది. దాని పక్కన చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో కార్డు నంబరు, పేరు, ఫోను నంబరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాణ్ణి. మెయిన్ రోడ్డు నుంచి ఇంటిదాకా దారి గీత కూడా గీయొచ్చు. ఆ పటం లింకును నేత్రనిధికి పంపాను. నేనిక్కడ ఏది మార్చినా వాళ్ళకక్కడ మారి కనపడుతుంది. కార్డు నంబరు చెప్తే చాలు, ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఈ మాట నాకు చాలా నచ్చింది. ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పాను.

రిటైరైన మాస్టర్ని కాబట్టి ఖాళీ ఉండేది. ఆదివారాలు బస్సెక్కి ఒక ఊరు వెళ్ళేవాణ్ణి. వాటర్ ట్యాంకు నుంచి మూడో సందు, చర్చి వెనక పెంకుటిల్లు, ఇలా నోట్సు పుస్తకంలో బొమ్మ గీసుకుని వచ్చి, సోమవారం తెర మీద ట్యాంకు నీడ వెతికి, అక్కణ్ణుంచి సందులు లెక్కపెట్టేవాణ్ణి. సెంటరు నడిపే ఆయన నన్ను చూడగానే కుర్చీ లాగేవాడు.

"ఇవాళ ఏ ఊరిని పొడుస్తున్నారు మాస్టారూ?"

"పెడన."

"పోయినోళ్ళ జాబితా అనుకున్నా. అందరూ బతికే ఉన్నారంటగా. మరి చూస్తే వాళ్ళకి బెంగ పుట్టదూ?"

"నీకూ ఒక గుర్తు పెట్టమంటావా?"

"నా కళ్ళు ఈ తెరకే అయిపోయినయ్యండి. తీసుకున్నా ఎవరికీ ఉపయోగం లేదు."

పెడనలో కలంకారీ అద్దకం చేసే ఒకాయన కూడా దాదాపు అదే మాట అన్నాడు గానీ సంతకం పెట్టాడు. కళ్ళిస్తే వచ్చే జన్మలో గుడ్డివాళ్ళుగా పుడతారని వాదించేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఎదురయ్యేవారు. మరి దేహాన్ని కాల్చేస్తే వచ్చే జన్మలో బూడిదగా పుడతారా అని అడిగేవాణ్ణి. సభలో నవ్వులు పడేవి. అలాంటి జవాబులు నా దగ్గర చాలా ఉండేవి.

మా అమ్మ సంగతికి వస్తాను.

మేం ముగ్గురం అన్నదమ్ములం. పెద్దవాడు గుడివాడలో, నేను బందరులో, చిన్నవాడు దివిసీమలో నాగాయలంక వైపు ఒక పల్లెలో ఉండేవాళ్ళం. నాన్న పోయాక అమ్మ మా ముగ్గురి దగ్గరా వంతుల మీద ఉండేది. నాలుగైదు నెలలకొకసారి వంతు పూర్తయిన కొడుకు అమ్మను, ఆవిడ బట్టల సంచిని, మందుల డబ్బాను బస్సెక్కించి తరవాతివాడి ఇంట్లో దించి, భోంచేసి వెళ్ళేవాడు. మా వైపు చాలా ఇళ్ళలో ఇంతే. ఇందులో ఎవరికీ తప్పు కనపడదు. మూఢాచారాల మీద పత్రికల్లో ఎన్నో వ్యాసాలు రాశాను. వాస్తు మీద రాశాను, శవం తల ఏ దిక్కున పెట్టాలన్న గొడవ మీద రాశాను. వంతుల మీద ఒక్క ముక్క రాయలేదు.

ఒకప్పుడు అమ్మకు రెండు కళ్ళల్లో శుక్లాలు ముదిరాయి. అప్పుడావిడ గుడివాడలో ఉంది. బందరు వెళ్ళాక తమ్ముడు చేయిస్తాడులే అన్నాడు అన్నయ్య. నా దగ్గరకు వచ్చేసరికి ఎండలు. చలికాలంలో అయితే పుండు త్వరగా మానుతుందని నేనన్నాను. ఆ మాటకు ఆధారం లేదు. చిన్నవాడి దగ్గరకు వెళ్ళేసరికి నాట్లు. అలా ఏడాదిన్నర పైన ఆవిడ గోడ పట్టుకుని నడిచింది. చివరికి మా మరదలు, అంటే చిన్నవాడి భార్య, ఒకరోజు ఎవరికీ చెప్పకుండా అవనిగడ్డలో పెట్టిన కంటి శిబిరానికి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించింది. ఒక కంటికి అయ్యాక మళ్ళీ రెండోదానికి. కట్టు విప్పి ఇంటికొచ్చాక అమ్మ అన్న మొదటి మాట, "ఈ గోడకి సున్నం ఎప్పుడేశారే?" అని.

ఆ తరవాతి వంతులో మా ఇంట్లో ఉన్నప్పుడు నేను కార్డులు సర్దుతుంటే పక్కకొచ్చి కూర్చుంది.

"ఆ కాయితం నాకోటి ఇయ్యరా."

"ఎందుకమ్మా?"

"ఎందుకేందిరా? ఊళ్ళట్టుకుని అందరికీ పంచుతున్నావుగా. నేనేం పాపం చేశాను?"

"ఊరికే అడిగాను."

"ఆపరేషనైన కళ్ళు పుచ్చుకుంటారా?"

"పుచ్చుకుంటారు. నల్లగుడ్డు ముందున్న పొర మంచిదైతే చాలు."

"అయితే రాయి. కనపడకపోతే ఎట్టా ఉంటదో నీకు తెలవదు. నాకు తెలుసు."

సంతకం పెట్టింది. ఆ తరవాత ఏ ఇంటికి వెళ్ళినా ఆ ఇంట్లోవాళ్ళకి చెప్పింది, నేను పోయాక కళ్ళిచ్చెయ్యాలి, మీలో మీరు తగువు పడొద్దని. అన్నయ్యకు ఇష్టం లేదు. ఆయన ఆచారాలన్నీ పాటించే మనిషి. చివరికి, ఎవరికన్నా చూపొస్తదంటే సరే, కాదనలేను అన్నాడు.

ఇళ్ళ గుర్తులు పెట్టేటప్పుడు అమ్మ గుడివాడలో ఉంది. ఆవిడది పద్నాలుగో నంబరు కార్డు. దాన్ని పటంలో ఎక్కడ పెట్టాలని నేను ఆలోచించిన గుర్తు కూడా లేదు. బందరులో మా ఇంటి డాబా మీద పెట్టాను. సంతకం అక్కడే పెట్టింది, కార్డు మీద ఉన్నది ఆ చిరునామానే. నిజం చెప్పాలంటే నా ఇంటి మీద కూడా ఒక నీలం గుర్తు ఉండాలని కోరిక. ప్రచారం చేసేవాడి ఇంటి మీద గుర్తు లేకపోతే బాగుండదు కదా.

మరుసటేడు మే నెలలో ఒకరోజు పొద్దున్న ఏడు కాకముందే చిన్నవాడి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. అది వాడి వంతు.

"అన్నయ్యా, అమ్మ లేవట్లేదు."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"ఆరింటికి మంచినీళ్ళడిగింది. ఆరున్నరకి కాఫీ తీసుకెళ్తే..." అని ఆగి, "ఇంక లేవదు" అన్నాడు.

"కార్డు ఉందా?"

"ఉంది."

"దాని మీద ఫోను నంబరుంటుంది. చేసి, కార్డు నంబరు చెప్పు. దారి చెప్పక్కర్లేదు, వాళ్ళ దగ్గరుంది. కళ్ళు మూసి తడిదూది వెయ్యండి. తల కింద రెండు దిళ్ళు పెట్టండి. ఫ్యాను వెయ్యొద్దు."

ఇంకెవరి ఇంటికో చెప్పినట్టే చెప్పాను. గొంతులో ఏ తేడా లేదు. కాసేపటికి వాడే మళ్ళీ ఫోను చేసి, "చెప్పానన్నయ్యా. మ్యాపు ఉందండి, వచ్చేస్తాం అన్నారు" అన్నాడు. నేను నేర్పిన పద్ధతి నేను నేర్పినట్టే జరిగింది. నేనూ మా ఆవిడా ఇంటికి తాళం వేసి బస్టాండుకు నడిచాం. సెల్లు ఛార్జింగుకు పెట్టి ఉంది. దాన్ని అక్కడే వదిలేశానన్నది చల్లపల్లి దాటాక గాని గుర్తు రాలేదు. గుర్తొచ్చినా ఏమీ అనిపించలేదు. చెప్పాల్సినవాళ్ళకి చెప్పేశాంగా అనుకున్నాను.

మేం చేరేసరికి పది కావస్తోంది. గుడివాడ నుంచి అన్నయ్య అప్పుడే దిగాడు. అమ్మను ముందుగదిలో మంచం మీద పడుకోబెట్టారు. తల కింద దిళ్ళున్నాయి, కళ్ళ మీద తడిదూది ఉంది. గది నిండా ఆడవాళ్ళు. నేను వెళ్ళి మంచం పట్టె మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. అమ్మ నోరు కొంచెం తెరుచుకుని ఉంది. దాన్నే చూశాను. దుఃఖం వస్తుందేమోనని కాసేపు ఆగాను, రాలేదు. గోడ గడియారం చూశాను.

"ఫ్యానెయ్యమ్మాయ్, ఈ ఉక్కకి మేం కూడా ఆవిడెనకాలే పోయేట్టున్నాం" అంది ఒక పెద్దావిడ.

"వెయ్యకూడదత్తా. కళ్ళారిపోతాయంట" అంది మా మరదలు. గిన్నెలో నీళ్ళు, దూది పట్టుకుని మంచం దగ్గరే కూర్చుంది.

"పోయినోళ్ళ కళ్ళు ఆరితేనేం, ఆరకపోతేనేం."

"అవింకా పోలేదు."

"మూడున్నర గంటలైంది. మీ వాళ్ళేరీ?" అని అడిగాడు అన్నయ్య నన్ను.

"వస్తుంటారు. దారి గీసి పెట్టాను."

పదిన్నరకు మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెప్పాను. విజయవాడ నుంచి కృష్ణ కరకట్ట మీదుగా వస్తే రెండు గంటల దారి. ఆలస్యంగా బయల్దేరినా ఈపాటికి రావాలి. వీధి చివర దాకా నడిచి, వచ్చాను. పదకొండు గంటలకు ఇంట్లో ఫోను మోగింది. అప్పటిదాకా బంధువులకు కబుర్లు చెప్తూ ఎవరో ఒకరు దాన్ని పట్టుకునే ఉన్నారు. చిన్నవాడు నన్ను పిలిచాడు. చేస్తున్నది నేత్రనిధి టెక్నీషియను. నాకు తెలిసినాయనే, నడివయసు మనిషి.

"మాస్టారండీ, ఇందాకట్నుంచి చేస్తున్నామండి, లైను దొరకట్లేదు. మీ ఇంటి ముందున్నాం. తాళం వేసుంది. మీ సెల్లుకి చేస్తే లోపల మోగుతోంది."

"ఏ ఇంటి ముందు?"

"బందరులో మీ ఇల్లేనండి. పద్నాలుగో నంబరు మ్యాపులో ఇదేగా. పక్కింటావిడ చెప్పింది, మీరంతా దివిసీమ వెళ్ళారని."

తప్పు ఎక్కడుందో వెంటనే తెలిసింది, వెతకాల్సిన పని లేదు. బందరు నుంచి ఇక్కడికి ఆ ఎండలో రెండు గంటలు పడుతుంది. అమ్మ పోయి నాలుగున్నర గంటలైంది. ఆ కూడిక కూడా చేసుకున్నాను.

"వచ్చెయ్యండి" అన్నాను. "చల్లపల్లి మీదుగా అవనిగడ్డ. అక్కణ్ణుంచి నాగాయలంక రోడ్డు. లాకుల దగ్గర ఎడమకి తిరగండి, అక్కడ ఎవర్నడిగినా చెప్తారు."

ఫోను పెట్టేశాక చిన్నవాడు నా మొహంలోకి చూశాడు. నేనే చెప్పాను. పటంలో అమ్మను మా ఇంట్లో పెట్టానని, జీపు అక్కడికి వెళ్ళిందని. గదిలో అందరూ విన్నారు. అన్నయ్య కండువాతో మెడ తుడుచుకున్నాడు. మరదలు దూది మార్చింది.

ఆ రెండు గంటలూ నేను అరుగు మీద కూర్చున్నాను. ఎవరో మజ్జిగ ఇస్తే తాగాను. ఆత్మ ఉందని నేను నమ్మను. కాబట్టి అమ్మకు క్షమాపణ చెప్పుకునే వీలు కూడా లేదు. ఈ విషయం మామూలు సంగతిలాగే బుర్రలోకి వచ్చింది, పోయింది. ఎదురింటి చూరు కింద మేకలు నీడకు సర్దుకుంటున్నాయి. నీడతో పాటు అవీ జరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను.

జీపు ఒంటిగంట దాటాక వచ్చింది. టెక్నీషియను చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి, దూది తీసి రెప్పలెత్తి చూశాడు. చావు ఏ టైముకని అడిగాడు. చెయ్యి కడుక్కుని బయటకొచ్చి మా ముగ్గురికీ ఎదురుగా నిలబడ్డాడు.

"బాగానే కాపాడారండి. కానీ ఆరు గంటలు దాటింది, పైగా ఈ ఎండ. ఇంకొకరికి పెట్టడానికి తీసుకోరండి."

"అయితే ఇంకేంటి" అన్నాడు అన్నయ్య.

"ఆపరేషన్లు నేర్చుకునే డాక్టర్లకి శిక్షణకి పనికొస్తాయండి. అందుకు ఇస్తానంటే తీసుకుంటాను. మీ ఇష్టం. బలవంతమేం లేదు."

"వద్దు" అన్నాడు అన్నయ్య. "చూపొస్తదంటే ఒప్పుకున్నాం. ఇప్పుడేమో పిల్ల డాక్టర్లు కోసి నేర్చుకోడానికంట. ఆవిణ్ణి ఉన్నట్టు పంపిద్దాం."

అని నా వైపు తిరిగాడు. నేను వాదిస్తానని ఆయన ఎదురుచూశాడు. జవాబు నా దగ్గర ఉంది. శిబిరంలో అమ్మ కళ్ళకు ఆపరేషన్ చేసిన డాక్టరు కూడా ఎప్పుడో ఎవరి కళ్ళ మీదో చెయ్యి తిప్పడం నేర్చుకునే ఉంటాడు. ఇంతకన్నా గట్టి జవాబు ఉండదు. అదే సభలో అయితే ఈపాటికి లేచి ఉండేవాణ్ణి. కానీ సంగతిని అక్కడిదాకా తెచ్చింది నేను పెట్టిన గుర్తు. ఆ జవాబు నా నోటి నుంచి వస్తే అమ్మ కోసం చెప్పినట్టు ఉండదు, నా తప్పుకు ముసుగు వేసినట్టు ఉంటుంది. నోరు తెరవలేదు. టెక్నీషియను గడియారం చూసుకున్నాడు.

మరదలు గుమ్మంలోకి వచ్చింది. చేతిలో గిన్నె అలాగే ఉంది.

"బావగారూ, అత్తయ్యగారు కళ్ళిస్తానంది. ఎవరికిస్తానో చెప్పలేదు."

"నువ్వూరుకోమ్మా. ఇది ఆలోచించుకోవాల్సిన సంగతి" అన్నాడు అన్నయ్య.

"ఆవిడకి చూపు పోయినప్పుడు కూడా ముగ్గురూ ఆలోచించారు."

ఆ మాట మెల్లగానే అంది. అన్నయ్య అరుగు మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి చిన్నవాడు కాగితం అడిగి తీసుకుని గోడకానించి సంతకం పెట్టాడు. సాక్షి సంతకం ఎవరు పెడతారని టెక్నీషియను అడిగితే మరదలు గిన్నె కింద పెట్టి, చెయ్యి చీరకు తుడుచుకుని పెట్టింది. నన్నెవరూ అడగలేదు.

ఇరవై నిమిషాలు పట్టింది. ఆయన ఐసు డబ్బాతో బయటకు వచ్చి, నమస్కారం పెట్టి జీపెక్కాడు. మేం లోపలికి వెళ్ళాం. రెప్పలు మూసి ఉన్నాయి. మొహంలో ఏ మార్పూ లేదు. మరదలు ఫ్యాను వేసింది.

తరవాత బందరులో సంస్మరణ సభ పెట్టాం. మా మిత్రులు అప్పటికే కరపత్రం వేయించేశారు. ఇద్దరు అంధులకు చూపునిచ్చిన మాతృమూర్తి అని ఉంది అందులో. నేను లేచి, అది నిజం కాదన్నాను. కళ్ళు శిక్షణకు వెళ్ళాయని, ఎందుకు అలా జరిగిందో, పటంలో ఏం తప్పు చేశానో చెప్పాను. నా మాటలకు ఆ సభలో ఎవరూ నవ్వలేదు, ఎదురు ప్రశ్న వెయ్యలేదు. ఒకాయన మాత్రం కింద నుంచి అన్నాడు: "మా నాన్నా మీ మ్యాపులో ఉన్నాడండి. కానీ ఆయనిప్పుడు మా అన్నయ్య దగ్గరున్నాడు."

మర్నాడు కార్డులన్నీ ముందేసుకుని ఒక్కో ఇంటికీ ఫోను చేశాను. ఆవిడ ఇక్కడ లేరండి, మా తోడికోడలి దగ్గరున్నారు. ఆయన మొన్నే గుడివాడ వెళ్ళారు, వినాయక చవితికి వస్తారు. ఇలాంటి జవాబులే ఎక్కువ. నేను సందులు లెక్కపెట్టి ఎంతో జాగ్రత్తగా పెట్టిన గుర్తుల్లో చాలావాటి కింద ఆ మనిషి లేడు. ఇల్లు తప్పు కాదు, దారి తప్పు కాదు. ముసలివాళ్ళు ఒక ఇంట్లో ఉంటారని అనుకోవడం తప్పు. మూడిళ్ళ మధ్య తిరిగే అమ్మ ఉన్న నాకే అది తోచలేదు.

ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళాను. పద్నాలుగో నంబరు తీసేశాను. తీసెయ్యమంటారా అని అది ఒకసారి అడుగుతుంది. అవునన్నాను. తరవాత ఒక్కొక్కరికీ ఎన్ని ఇళ్ళుంటే అన్ని గుర్తులు పెట్టాను, మనిషి ఇప్పుడున్నదానికి నీలం, మిగతావాటికి బూడిద రంగు. వంతు మారగానే నాకు ఫోను చెయ్యాలని ప్రతి ఇంటికీ ఒక చీటీ రాసి, పటం లింకు కూడా అందులో ఇచ్చాను. చేస్తారని అనుకోలేదు. మొదటి నెలలో ఇద్దరు ముగ్గురు చేశారు. తరవాత పెద్దవాళ్ళే స్వయంగా చెయ్యడం మొదలుపెట్టారు.

"మాస్టారేనా? నేనయ్యా, చల్లపల్లి నుంచి వచ్చినదాన్ని. గుడివాడలో రెండోవాడి దగ్గరకొచ్చి వారమైంది. నన్నింకా మార్చలేదంటగా."

"ఎవరు చెప్పారమ్మా?"

"మా మనవరాలు కంప్యూటర్లో చూసింది. ఇంకా పెద్దోడింటి మీదే నీలంగా ఉన్నానంట. వాడితో నాకు మాటల్లేవు. ఇప్పుడు నాకేదన్నా అయితే ఆ జీపు పోయి వాడి గుమ్మం ముందు ఆగుద్ది. అంతకన్నా అవమానం ఉందా?"

"ఇవాళే మారుస్తానమ్మా. ఇక్కడ ఎన్నాళ్ళుంటారు?"

"దసరా దాకా అన్నారు. చూడాలి."

సాయంత్రం వెళ్ళి ఆవిణ్ణి గుడివాడకు మార్చి, పక్క పెట్టెలో దసరా దాకా అని కొట్టాను.